కేబీఆర్ పెల్లెట్లు నొక్కినవాడి మాట: డైమండ్ ఏటీఆర్ ఎఫ్‌టీఐఆర్ ఎలా ఉంది?

కొనొచ్చా వద్దా, ఒక్క మాటలో చెప్పమంటే: కొనొచ్చు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ నడిపే కాలేజీకైనా, చిన్న మందుల యూనిట్‌కైనా, పౌడర్లు, స్ఫటికాలతో కుస్తీ పట్టే రీసెర్చ్ స్కాలర్లకైనా బల్ల మీద పెట్టుకునే డైమండ్ ఏటీఆర్ ఎఫ్‌టీఐఆర్ (సాంపిల్‌ను వజ్రం మీద పెట్టి, ఇన్‌ఫ్రారెడ్ అంటే ఐఆర్ వెలుగుతో చూసి అదేంటో చెప్పే మిషన్) అంత రోజువారీ పనికొచ్చే మిషన్ ఆ ధరల్లో ఇంకోటి నాకు కనపడలేదు. కాకపోతే అమ్మేవాళ్లు దేన్ని చూపించి అమ్ముతారో అది దీని బలం కాదు. డెమోలో ఏదో తెల్ల పౌడర్ పెడతారు, బటన్ నొక్కుతారు, తెర మీద పదార్థం పేరు, పక్కన 97 శాతం మ్యాచ్ అని పడుతుంది. చూడ్డానికి వచ్చిన పెద్దసార్లు మురిసిపోతారు. మొత్తం మిషన్‌లో నాకు అందరికంటే తక్కువ నమ్మకం ఉన్నది ఆ అంకె మీదే. ఎందుకో కింద వివరంగా చెప్తాను.

హనుమకొండలో ఒక కాలేజీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో ఇన్‌స్ట్రుమెంట్ రూమ్ తాళాలు నా దగ్గర ఉంటాయి. నాకు పీహెచ్‌డీ లేదు, కాగితం మీద టెక్నీషియన్‌ని, పిల్లలకు అన్నను. పాత ఐఆర్ మిషన్ ఉన్నన్నాళ్లూ కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్ ఉప్పు)తో సాంపిల్ కలిపి బిళ్లలు, అంటే పెల్లెట్లు, నొక్కి నొక్కి ఈ ఉద్యోగం నేర్చుకున్నాను. కొత్త మిషన్ వచ్చి బాగానే రోజులైంది, ఎండాకాలం చూసింది, వానాకాలం చూసింది. కంపెనీ పేరు మాత్రం రాయను. ఈ సైజు మిషన్లు ఏ కంపెనీవైనా లోపలి అమరిక ఇంచుమించు ఒక్కటే: వేడెక్కే ఒక సోర్సు, వెలుగును రెండుగా చీల్చి మళ్లీ కలిపే మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్, చివరికి వచ్చిన వెలుగును కొలిచే డీటీజీఎస్ డిటెక్టర్, పైన వజ్రపు ముక్క, దాని మీద బిగించే స్క్రూ. తేడా అంతా సాఫ్ట్‌వేర్లో, సర్వీసులో.

కెమిస్ట్రీ వదిలేసి చాలాకాలమైనవాళ్ల కోసం రెండు ముక్కలు. అణువులో బంధాలు ఊరికే ఉండవు, సాగుతాయి, వంగుతాయి. ఎంత వేగంగా కదులుతాయన్నది బంధం ఎంత గట్టిదో, చివర్లలో ఉన్న పరమాణువులు ఎంత బరువో దాన్నిబట్టి ఉంటుంది. ఓహెచ్‌లో హైడ్రోజన్ తీసి డ్యుటీరియం పెడితే స్పెక్ట్రమ్‌లో, అంటే మిషన్ గీసే గీతలో, 3400 దగ్గరుండే పీక్ 2500 దగ్గరికి దిగిపోతుంది. బంధం అదే, బరువొక్కటే మారింది. (ఈ రివ్యూలో నేను రాసే ఇలాంటి అంకెలన్నీ వేవ్‌నంబర్లు, అంటే ఒక సెంటీమీటర్‌లో ఎన్ని తరంగాలు పడతాయో ఆ లెక్క.) ఆ కదలికలో డైపోల్ (అణువులో ప్లస్, మైనస్ చార్జీల ఎడం) మారితే ఐఆర్‌లో కనపడుతుంది, పోలరైజబిలిటీ (ఎలక్ట్రాన్ మబ్బు ఎంత తేలిగ్గా సాగుతుందన్నది) మారితే రామన్‌లో, అంటే లేజర్ వేసి చెదిరిన వెలుగును చూసే పద్ధతిలో, కనపడుతుంది. అణువు ఏ గ్రూపులతో తయారైందో చెప్పడం ఇందులో తేలికైన సగం. ఆ అణువులు ఘనపదార్థంలో ఒకదానితో ఒకటి ఎట్లా చేతులు కలిపాయో కూడా ఇందులోనే తెలుస్తుంది. మిషన్‌కు పెట్టిన డబ్బు రాబట్టుకునేది ఆ రెండో సగంలోనే.

ముందు పెల్లెట్ సంగతి. సాంపిల్ ఒక మిల్లీగ్రాము, ఎండబెట్టిన కేబీఆర్ నూటయాభై, రెండొందల మిల్లీగ్రాములు. అగేట్ మోర్టార్‌లో నూరాలి, డైలో, అంటే అచ్చులో, పోయాలి, హైడ్రాలిక్ ప్రెస్‌లో నొక్కాలి. అద్దంలా వస్తే అదృష్టం, పగిలితే మళ్లీ మొదటికి. జులై, ఆగస్టులో మన దగ్గర గాలిలో తడి ఎంతుంటుందో తెలుసు కదా, కేబీఆర్ ఆ తడిని పీల్చేస్తుంది. పెల్లెట్ మసకబారుతుంది, 3400 దగ్గర వెడల్పాటి బొప్పి, 1640 దగ్గర ఇంకో చిన్నది వస్తాయి. అవి నీళ్లవి. సాంపిల్‌లో ఓహెచ్ ఉందా లేదా అని తేల్చాల్సిన పిల్లవాడు తల పట్టుకుంటాడు.

ఏటీఆర్‌లో ఈ తతంగమంతా లేదు. వెలుగు వజ్రం లోపలి నుంచి వచ్చి దాని పైతలానికి తగిలి వెనక్కి తిరుగుతుంది. తిరిగే చోట ఒకటి, రెండు మైక్రాన్ల మేర బయటికి తొంగి చూస్తుంది. అక్కడ సాంపిల్ ఆనుకుని ఉంటే చాలు. చిటికెడు పౌడర్ పెట్టి, స్క్రూ బిగించి, రిజల్యూషన్ (ఎంత దగ్గరి పీకులను విడదీయాలన్నది) 4, స్కాన్లు 32 అని కొడితే టీ చల్లారకముందే స్పెక్ట్రమ్ చేతికొస్తుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన టిష్యూతో తుడిస్తే సరి. సాంపిల్ పాడుకాదు, వెనక్కి తీసుకోవచ్చు. వారమంతా రియాక్షన్ చేసి గోరంత పదార్థం తెచ్చే స్కాలర్‌కు ఇది చిన్న విషయం కాదు. స్టీల్ స్పాచ్యులాతో గీరే పిల్లలున్న చోట వజ్రమే తీసుకోవాలి. జింక్ సెలినైడ్ క్రిస్టల్ చవక అంటారు గానీ గీతలు పడుతుంది, గట్టి ఆసిడ్ తగిలితే చెడిపోతుంది. మా దగ్గరైతే నెల కూడా ఆగదు.

మిషన్ ఎంత బాగా చూస్తుందో తెలుసుకోవడానికి నేను కొత్తవాళ్లతో చేయించే పని ఒకటుంది. పాల ప్యాకెట్ కడిగి ఆరబెట్టి, లోపలి వైపు వజ్రం మీదికి వచ్చేట్టు పెట్టమంటాను. బయటి వైపు పెడితే ప్రింటింగ్ రంగు కనపడుతుంది. ఏటీఆర్ చూసేది పైపొరనే అన్న పాఠం అక్కడే అయిపోతుంది. లోపలి వైపు పాలిథీన్. 2915, 2848 దగ్గర రెండు పొడుగాటి పీకులు, 1465 చుట్టూ ఒకటి, 720 దగ్గర ఒకటి. ఇంతేనా అంటారు. 720ని జూమ్ చేయమంటే అది ఒకటి కాదు, రెండు: 720, 730. గొలుసు ఒక్కటే అయితే ఒకే పీక్ రావాలి. కానీ పాలిథీన్ స్ఫటికంలో ఒక్కో యూనిట్ సెల్‌లో (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గడిలో) రెండు గొలుసులు పక్కపక్కనే సర్దుకుని ఉంటాయి. రెండూ ఒకే దిశగా ఊగితే ఒక ఫ్రీక్వెన్సీ, ఎదురెదురుగా ఊగితే ఇంకో ఫ్రీక్వెన్సీ. 730 స్ఫటికంగా ఉన్న భాగం నుంచి మాత్రమే వస్తుంది; క్రమం లేకుండా పడి ఉన్న గొలుసులు 720లోనే కలుస్తాయి. వేడిచేసే స్టేజ్ ఉన్న చోట ఫిల్మ్ కరిగేదాకా చూస్తే 730 మాయమైపోతుంది. కెమికల్ ఫార్ములాలో పిసరంత మార్పు లేదు, స్పెక్ట్రమ్ మాత్రం మారింది. పాత పుస్తకాల్లో బొమ్మగా చూసింది పారేసే పాల ప్యాకెట్‌లో కనపడితే పిల్లల ముఖాలు చూడాలి. రిజల్యూషన్ 16 పెడితే రెండూ కలిసిపోయి ఒకటే కొండ వస్తుంది. సెట్టింగులు ఎందుకు రాసిపెట్టుకోవాలో విడిగా చెప్పక్కర్లేదు.

ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌కు కూడా మిషన్‌కు పూర్తి మార్కులే. సాలిసిలిక్ ఆసిడ్ నుంచి ఆస్పిరిన్ చేయిస్తారు కదా, అందరూ తెల్ల పౌడర్లే తెస్తారు, అందరివీ బాగా వచ్చాయనే చెప్తారు. ఆస్పిరిన్‌కు రెండు కార్బొనైల్ (కార్బన్, ఆక్సిజన్ జంటబంధం) పీకులుండాలి: ఎస్టర్‌ది 1750 దగ్గర, ఆసిడ్‌ది 1680, 1690 మధ్యలో. సాలిసిలిక్ ఆసిడ్‌కు 1655 చుట్టూ ఒక్కటే, పైగా 3235 దగ్గర ఫినాల్ ఓహెచ్ నిలబడి ఉంటుంది. 1750 పొట్టిగా ఉండి 3235 ఇంకా పోలేదంటే రియాక్షన్ సగంలోనే ఆగింది. మెల్టింగ్ పాయింట్ దగ్గర వాదించే పిల్లలు దీని దగ్గర వాదించరు. సాలిసిలిక్ ఆసిడ్ కార్బొనైల్ అంత కిందికెందుకు దిగింది అని అడిగే పిల్ల బ్యాచ్‌కు ఒకరైనా ఉంటుంది. అదే అణువులో పక్కనున్న ఓహెచ్ దాన్ని హైడ్రోజన్ బంధంతో పట్టి లాగుతోందని చెప్తే, తర్వాతి సంగతులు వాళ్లకు సులువు.

ఇంకో మాట. బ్యాక్‌గ్రౌండ్ (సాంపిల్ పెట్టకుండా తీసే ఖాళీ స్కాన్) తీసేటప్పుడు మిషన్ మీదికి వంగి ఊపిరి వదలొద్దని గోడ మీద కాగితం అంటించి పెట్టాను. కార్బన్ డయాక్సైడ్ 2360, 2340 దగ్గర జంటగా కనపడుతుంది. ఒక విద్యార్థి దాన్ని నైట్రైల్ (కార్బన్, నైట్రోజన్ మూడు బంధాలతో కలిసిన గ్రూపు) అని గుర్తుపెట్టి, తన అణువులో లేని గ్రూపును డిసర్టేషన్‌లో ఎక్కించాడు. నైట్రైల్ ఉండేది 2220, 2260 మధ్యలో. వైవాకు వచ్చిన మేడమ్ నవ్వి, "ఇది నీ కాంపౌండ్ కాదు నాయనా, నువ్వే" అన్నారట.

ఇక అసలైన పని. క్రిస్టల్ ఇంజినీరింగ్, అంటే కావలసిన రకంగా స్ఫటికాలు తయారుచేయడం, మన రాష్ట్రానికి కొత్త కాదు. ఈ రంగంలో పేరున్న శాస్త్రవేత్త గౌతమ్ దేశిరాజు గారు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉన్నప్పటి నుంచీ ఆ చర్చ ఇక్కడ నడుస్తూనే ఉంది. ఇప్పుడు జిల్లా కాలేజీల్లో కూడా రీసెర్చ్ పిల్లలు కోక్రిస్టల్స్ (రెండు వేర్వేరు అణువులు కలిసి కట్టిన ఒకే స్ఫటికం) మీద పడ్డారు. రెండు ఘనపదార్థాలు తీసుకుని, రెండు చుక్కల సాల్వెంట్ వేసి మోర్టార్‌లో నూరతారు. వచ్చిన పౌడర్ తెచ్చి "అన్నా, అయ్యిందా?" అంటారు. అయ్యిందా అన్నదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. ఊరికే కలిసిన మిశ్రమమా, కొత్త స్ఫటికమా, కొత్తదైతే కోక్రిస్టలా, సాల్టా?

మిశ్రమమైతే రెండింటి స్పెక్ట్రమ్‌లు కూడితే వచ్చేదే వస్తుంది. అందుకే నేను విడివిడిగా మొదటి రెండూ, నూరకుండా కలిపిన మిశ్రమం, నూరినది, నాలుగూ ఒకే రోజు, ఒకే సెట్టింగుల మీద తీయిస్తాను. కొత్త హైడ్రోజన్ బంధం పుడితే కార్బొనైల్ జరుగుతుంది, ఎన్‌హెచ్ ఉన్న 3100, 3400 మధ్య ప్రాంతం రూపు మారుతుంది. సాల్టా కాదా అన్నది ఇంకా స్పష్టం. ప్రోటాన్ (ఆసిడ్ వదిలే హైడ్రోజన్) ఆసిడ్ దగ్గరే ఉంటే కోక్రిస్టల్, 1700 చుట్టుపక్కల కార్బొనైల్ మిగిలే ఉంటుంది. ప్రోటాన్ బేస్‌కు వెళ్లిపోతే సాల్ట్, ఆ పీక్ పోయి 1550, 1610 మధ్యలో ఒకటి, 1400 దగ్గర ఇంకోటి, కార్బాక్సిలేట్ (ప్రోటాన్ పోయిన ఆసిడ్ గ్రూపు) జంట వస్తుంది. బేస్ పీకేఏలోంచి ఆసిడ్ పీకేఏ (ఆసిడ్ బలాన్ని చెప్పే అంకె) తీసేస్తే వచ్చే తేడా 3 దాటితే సాల్ట్, సున్నా కంటే తక్కువైతే కోక్రిస్టల్ అని ఒక మోటు లెక్క ఉంది. ఆ రెండింటి మధ్యలో పడితే లెక్క చెప్పదు, స్పెక్ట్రమ్‌నే అడగాలి. ఎక్స్‌రేకు ప్రోటాన్ కనపడటం కష్టం, వైబ్రేషన్‌కు అదే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఈ ఒక్క పనికే అయినా నేను ఈ మిషన్‌ను సిఫారసు చేస్తాను.

సరిగ్గా ఇక్కడే వజ్రం దెబ్బ తీస్తుంది, దీన్ని ఏ బ్రోషర్ చెప్పదు. ఐసోనికోటినమైడ్, బెంజోయిక్ ఆసిడ్ లాంటి జంటల్లో ఆసిడ్ ఓహెచ్ మొదటిదాని పిరిడిన్ వలయంలోని నైట్రోజన్‌ను పట్టుకుంటుంది. అలా పట్టుకున్నదానికి గుర్తు 2450 చుట్టూ ఒకటి, 1900 పైన ఒకటి, వెడల్పుగా, బద్ధకంగా లేచే రెండు బొప్పులు. వజ్రం తన సొంతంగా వెలుగును మింగేది ఎక్కడో తెలుసా? 1900 నుంచి 2300 దాకా. బ్యాక్‌గ్రౌండ్‌తో భాగిస్తే అది పోయినట్టు కనపడుతుంది గానీ అక్కడ వెలుగే తక్కువ, గీత గరుకుగా వణుకుతుంది. ఏమీ లేనట్టుండే ప్రాంతం కాబట్టి మామూలు సాంపిళ్లకు ఎవరికీ పట్టదు. కోక్రిస్టల్ పిల్లలకు కావలసింది మాత్రం ఆ రెండో బొప్పే. స్కాన్లు పెంచొచ్చు, కానీ నాయిస్ స్కాన్ల సంఖ్య వర్గమూలం లెక్కనే తగ్గుతుంది, సగం కావాలంటే నాలుగింతలు తీయాలి. అలాంటప్పుడు నేను బీరువాలోంచి పాత డై, ప్రెస్ బయటికి తీస్తాను. కేబీఆర్ ఆ ప్రాంతంలో ఖాళీగా ఉంటుంది, బొప్పి నున్నగా వస్తుంది.

మరి పెల్లెట్టే మేలా అంటే అదీ కాదు. నూరడం, టన్నుల బరువుతో నొక్కడం వల్ల కొన్ని పదార్థాలు వేరే రూపంలోకి మారిపోతాయి. మీరు కొలిచేది మీరు తయారుచేసిన పదార్థం కాకపోవచ్చు. మందుల్లో చాలావరకు హైడ్రోక్లోరైడ్ సాల్టులు. వాటిని కేబీఆర్‌తో నూరితే క్లోరైడ్, బ్రోమైడ్ చోట్లు మార్చుకునే ప్రమాదం ఉంది, అందుకే వాటికి పొటాషియం క్లోరైడ్ వాడమంటారు. మా దగ్గర అలమారలో రెండు డబ్బాలూ ఉంటాయి. ఏటీఆర్ కొన్నారు కదా అని పాత ప్రెస్‌ను స్క్రాప్‌కు వేసే కాలేజీలను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

పాలీమార్ఫ్‌ల విషయంలో మాత్రం నా మార్కులు తగ్గుతాయి. ఒకే అణువు రెండు మూడు రకాలుగా పేర్చుకోవడం మందుల కంపెనీలకు పీడకల. హెచ్‌ఐవీ మందు రిటోనావిర్ కథ ఫార్మా పిల్లలందరికీ తెలుసు: 1996లో మార్కెట్‌కు వచ్చింది, 1998లో ఎవరూ అనుకోని కొత్త స్ఫటిక రూపం పుట్టుకొచ్చింది, అది సరిగా కరగకపోవడంతో అబాట్ కంపెనీ ఆ క్యాప్సూళ్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. రూపాల మధ్య హైడ్రోజన్ బంధాలు మారితే ఎఫ్‌టీఐఆర్ పట్టేస్తుంది. బంధాలు అవే ఉండి పేర్పు మాత్రమే మారితే తేడా రెండు మూడు వేవ్‌నంబర్లకు మించదు. పీక్ ఆకారం చూసి ఊహించాలి. అసలు తేడా ఉండేది 200 కింద, అణువులకు అణువులే కదిలే లాటిస్ వైబ్రేషన్లలో. మన మిషన్ 400 దగ్గర ఆగిపోతుంది.

అక్కడ రామన్ కావాలి. 1928 ఫిబ్రవరి 28న కోల్‌కతాలో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ కలిసి చూసిన వెలుగు ఇవ్వాళ మందుల గోడౌన్లలో చేతిలో పట్టుకునే మిషన్‌గా తిరుగుతోంది. సైన్స్ డే నాడు అందరం ఫొటోకు దండ వేస్తాం, చాలా కాలేజీల్లో ఒక్క రామన్ స్పెక్ట్రోమీటర్ ఉండదు. గాజు సీసాలోంచే చూడొచ్చు, నీళ్లు పెద్దగా అడ్డురావు, మంచి ఫిల్టర్లున్న మిషన్ అయితే లాటిస్ ప్రాంతం దాకా దిగుతుంది. మాకు లేదు. వేరే సంస్థల మిషన్లు బుక్ చేసుకునే ప్రభుత్వ పోర్టల్ ఐ-స్టెమ్‌లో స్లాట్ బుక్ చేసుకుని, కాజీపేటలో రైలెక్కి సాంపిల్ పట్టుకుపోవాల్సిందే. పోయినప్పుడు మిషన్ అంకెలు సరిగ్గా ఉన్నాయో తేలడానికి ముందు సిలికాన్ ముక్క మీద 520 పీక్ చూపించమని అడగమని పిల్లలకు చెప్పి పంపిస్తాను. ఒకసారి ఒక ల్యాబ్ నుంచి వచ్చిన రిపోర్టులో అన్ని పీకులూ ఒకే వైపు నాలుగేసి యూనిట్లు జరిగి ఉన్నాయి. క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేశారంటే ఫోన్ ఇంకొకరికిచ్చారు, వాళ్లు మరొకరికిచ్చారు. డబ్బు మాత్రం అడ్వాన్సే.

రంగున్న సాంపిళ్లతో రామన్‌కు వేరే పరేషాన్ ఉంది, ఫ్లోరోసెన్స్, అంటే లేజర్ తగిలి సాంపిలే మెరిసిపోవడం. నిజామాబాద్, జగిత్యాల వైపు పసుపు పండే ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు పసుపు ప్రాజెక్టు పెట్టుకుంటామంటారు, ముచ్చటగానే ఉంటుంది. పసుపుకు రంగిచ్చే కర్క్యుమిన్ మీద 532 నానోమీటర్ల లేజర్ వేస్తే స్పెక్ట్రమ్ కాదు, కొండ వస్తుంది. 1064 నానోమీటర్ల లేజర్ అయితే కాస్త నయం. మా ఎఫ్‌టీఐఆర్‌లో శుద్ధమైన కర్క్యుమిన్ అందంగా వస్తుంది: 3510 దగ్గర సన్నటి ఓహెచ్, 1628, 1602, 1510. అదే వంటింటి పసుపు పెడితే 1000 చుట్టూ పిండిపదార్థం మొత్తం ఆక్రమించేస్తుంది, కర్క్యుమిన్ మూలకు నక్కుతుంది. ఎనుమాముల మార్కెట్‌లో వ్యాపారం చేసే ఒకాయన, మా విద్యార్థి మేనమామ, "కల్తీ ఉందో లేదో నీ మిషన్ చెప్తదా తమ్మీ" అని అడిగిండు. పిండి బాగా ఎక్కువ కలిపితే చెప్తది గానీ, రంగు కోసం కొసరంత లెడ్ క్రోమేట్ కలిపితే దీనికి అందదు. సీసం ఉందా అంటే ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేలతో మూలకాలను పట్టే మిషన్) దగ్గరికే పోవాలి. ఆయన మొహం చిన్నబోయింది. అన్నీ చెప్తుందని ఎవరో ఆశపెట్టి ఉంటారు.

బట్టల విషయంలో మాత్రం దీనికి తిరుగులేదు. కొత్తవాడ జంపఖానాల పోగు ఒకటి పెట్టి చూశాం. నూలైతే 3330, 1030 దగ్గర సెల్యులోజ్. పాలిస్టర్ కలిస్తే 1715 దగ్గర ఎస్టర్ కార్బొనైల్ ఠక్కున లేస్తుంది. ప్యూర్ కాటన్ అని బయట కొన్న ఒక దుప్పటిలో ఆ 1715 ఎంత పొడుగు లేచిందో చూసి తెచ్చిన అమ్మాయి నోరెళ్లబెట్టింది.

ఇప్పుడు ఆ 97 శాతం సంగతి. సాఫ్ట్‌వేర్ చేసేది మీ గీతను తన దగ్గరున్న వేల గీతలతో పోల్చి, ఏది ఎక్కువ సరిపోతే దాని పేరు పైన పెట్టడం. పిండికీ సెల్యులోజ్‌కూ గీతలు దగ్గరగా ఉంటాయి. నైలాన్ 6కూ నైలాన్ 66కూ అంతే. మీ పదార్థం లైబ్రరీలో లేకపోతే లేదని చెప్పదు, ఉన్నవాటిలో దగ్గరిదాన్ని తెచ్చి 90 పైన మార్కులేసి కూర్చోబెడుతుంది. నూటికి అయిదు పాళ్లున్న మలినం ఆ మార్కును పెద్దగా కదిలించదు కూడా. ఇంకో తిరకాసు: పాత లైబ్రరీల్లో చాలావరకు పెల్లెట్లతో తీసిన గీతలు. ఏటీఆర్‌లో వెలుగు చొచ్చుకుపోయే లోతు తరంగదైర్ఘ్యంతో పెరుగుతుంది కాబట్టి కుడివైపు, అంటే తక్కువ అంకెల వైపు, పీకులు పొడుగ్గా, 3000 పైనవి పొట్టిగా వస్తాయి. బలమైన పీకులు నాలుగైదు యూనిట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే కిందికి జరుగుతాయి. ఏటీఆర్ కరెక్షన్ అనే బటన్ ఉంటుంది, అది నొక్కకుండా పోల్చి "హైడ్రోజన్ బంధం వల్ల కార్బొనైల్ జరిగింది" అని పేపర్లో రాసేవాళ్లున్నారు. అది బంధం వల్ల కాదు, వజ్రం వల్ల. ఏటీఆర్‌ను ఏటీఆర్‌తో, పెల్లెట్‌ను పెల్లెట్‌తో. మా రూములో లైబ్రరీ సెర్చ్ ఫలితాన్ని ప్రింట్ తీసి ఇవ్వను, ఎవరడిగినా సరే. రెండు స్పెక్ట్రమ్‌లు ఒకదాని మీద ఒకటి వేసి ఇస్తాను, చూసుకోవడం వాళ్ల పని. దీనికి నాకు కొంచెం మొండివాడనే పేరుంది.

మన్నిక గురించి. మే నెలలో మన ఎండ 42, 43 దాటినప్పుడు ఏసీ ఆగితే బేస్‌లైన్ ఊగుతుంది, అంతకంటే ఏం కాలేదు. అసలు శత్రువు వాన. ఇలాంటి మిషన్లలో చాలావాటికి లోపలి బీమ్ స్ప్లిట్టర్ (వెలుగును రెండుగా చీల్చే పలక), కిటికీలు కేబీఆర్‌తోనే చేస్తారు, అంటే పెల్లెట్‌కు పట్టిన తడి రోగం మిషన్ గుండెకే ఉందన్నమాట. లోపల పెట్టే డెసికెంట్ (తడి పీల్చే పదార్థం) రంగు మారిందంటే వెంటనే మార్చాలి. రాత్రి స్విచ్ ఆపేసి పోయే అలవాటున్న చోట ముందు కిటికీలు మసకబారతాయి. మేం సెలవుల్లో కూడా ఆపం, యూపీఎస్ మీద వెలుగుతూనే ఉంటుంది. జింక్ సెలినైడ్ ఆప్టిక్స్ తీసుకుంటే తడి భయం ఉండదు గానీ చూపు 500 దగ్గరే ఆగిపోతుంది, 500 కింద లోహపు బంధాలు వెతికే మెటల్ కాంప్లెక్సుల వాళ్లు ఊరుకోరు.

సర్వీసుకు నేనిచ్చేది అయిదుకు ఒకటి. పోయిన వానాకాలం ఎనర్జీ, అంటే డిటెక్టర్‌కు చేరే వెలుగు, సగానికి పడిపోయింది, డీలర్‌కు ఫోన్ చేస్తే "కస్టమర్ సైడ్ హ్యుమిడిటీ ఇష్యూ సార్, వారంటీలో రాదు" అన్నాడు, మిషన్ చూడకుండానే. ఇంజినీర్ రావడానికి వారాలు పట్టింది, అప్పటిదాకా పీజీ ప్రాజెక్టులన్నీ ఆగమాగం. వచ్చినాయన మాత్రం పనిమంతుడు. మూత తీసి అద్దాల అలైన్‌మెంట్ సరిచేసి, పాలిస్టైరీన్ ఫిల్మ్ పెట్టి 1601 పీక్ సరిగ్గా ఉందని చూపించి, నాతో కూడా ఒకసారి చేయించి పోయాడు. తప్పు తడిది కాదు, అలైన్‌మెంట్‌ది. బిల్లు మీద మాత్రం విజిట్ చార్జీలు పడ్డాయి.

కొనేవాళ్లు కొటేషన్ మీద సంతకం పెట్టకముందు రాతపూర్వకంగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. డెమోకు వాళ్ల పౌడర్ కాదు, మీ సాంపిల్ పెట్టించండి. వీలైతే పాల ప్యాకెట్ ముక్క కూడా జేబులో వేసుకుపోండి, 720, 730 విడిపోతాయో లేదో అక్కడే తేలుతుంది. ఏటీఆర్ అటాచ్‌మెంట్ ఊడదీసి పెల్లెట్ హోల్డర్ పెట్టుకునే వీలుందా, ఆ హోల్డర్ ధర ఇందులోనే ఉందా? కొన్ని చిన్న మోడళ్లలో ఏటీఆర్ ఊడదు, అవి రీసెర్చ్ ఉన్న చోటికి వద్దు. డేటాను కంపెనీ సొంత ఫార్మాట్‌లో కాకుండా మామూలు టెక్స్ట్ ఫైల్‌గా బయటికి తీయొచ్చా? లేకపోతే పిల్లలు గ్రాఫ్ వేసుకోవడానికి మీ రూములోనే క్యూ కడతారు. వారంటీలో బీమ్ స్ప్లిట్టర్ ఉందా, తడి పేరు చెప్పి తప్పించుకునే వాక్యం ఎక్కడైనా దాగి ఉందా? వరంగల్‌కు ఇంజినీర్ ఎన్ని రోజుల్లో వస్తాడో తేదీలతో రాయించుకోండి, "ఎర్లియెస్ట్" అన్న మాట ఒప్పుకోవద్దు. డెసికెంట్ ప్యాకెట్లు అదనంగా అడగండి, అవి మాత్రం అడిగితే ఫ్రీగానే ఇస్తారు.